పదిహేనుకూ యాభైకీ నడుమ

దేశ రాజధానిలో మోటారు కారు జీవితానికి రెండు మైలురాళ్లు ఉన్నాయి. ఒకటి 15వ ఏడు, రెండవది 50వ ఏడు. పెట్రోలు కారు 15 ఏళ్లు నిండితే నేరస్థుల జాబితాలో చేరుతుంది. 50 ఏళ్లు నిండితే వారసత్వ సంపదగా మన్నన పొందుతుంది. నడుమనున్న 35 ఏళ్లు అది ఎక్కడ తలదాచుకోవాలో మాత్రం చట్టం చెప్పదు. రాజాధిరాజుల బండ్లకు ఈ అజ్ఞాతవాసం పెద్ద కష్టం కాదు. వాటికి విశాలమైన గారేజీలు, వాటిని కనిపెట్టి ఉండే నౌకర్లు ఉంటారు. కష్టమల్లా సామాన్యుడు కొనుక్కున్న చౌకబారు కారుకే. ఈ వారం నేను ప్రస్తావించదలచినది ఆ చౌక కారును గురించి, దానిని తుక్కు కానివ్వకుండా కాపాడుకునేవారి విచిత్రమైన మమకారాన్ని గురించి.

ఈ లెక్క ఎలా వచ్చిందో ముందు చూద్దాం. 15 ఏళ్లు దాటిన వాహనాలు ఢిల్లీ రోడ్లపై తిరగరాదని 2014 నవంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2015 ఏప్రిల్‌లో డీజిల్ వాహనాలకు ఆ గడువును 10 ఏళ్లకు కుదించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు వాటిని అమలు జరపవలసిందేనని స్పష్టం చేసింది. 2025 జులై 1 నుంచి ఇటువంటి వాహనాలకు బంకుల్లో ఇంధనం పోయరాదన్న నిషేధం అమలులోకి వచ్చింది. ప్రజల్లో అలజడి రేగి, కెమెరాల ఏర్పాట్లు సరిగా లేవని తేలి, వారం పది రోజుల్లోనే అది వాయిదా పడింది. కేవలం వయస్సును బట్టి యజమానులపై కఠిన చర్యలు తీసుకోవద్దని ఆగస్టు 12న సుప్రీంకోర్టు అన్నది. డిసెంబరు 17న ఆ రక్షణను భారత్ స్టేజ్ 4, అంతకన్నా ఆధునికమైన ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. అంటే, ప్రమాణాలన్నవే పుట్టకముందు పుట్టిన పాత కార్లకు ఆ రక్షణ వర్తించదు.

మరోవైపు 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలను సవరించి, వింటేజ్ వాహనాలకు ప్రత్యేక స్థానం కల్పించింది. మొదటి రిజిస్ట్రేషను నాటి నుంచి 50 ఏళ్లు నిండి ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను మౌలిక రూపంలో ఉండాలి. కొత్తగా నమోదు చేయడానికి రుసుము 20,000 రూపాయలు, పదేళ్లకు ఒకసారి పునరుద్ధరణకు 5,000. నంబరు పలకపై ‘వి.ఎ.’ అన్న అక్షరాలు ఉంటాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప నిత్యావసరాలకు ఆ బండి తీయరాదు. నిబంధనలు సబబుగానే ఉన్నాయి. అయితే అవి ఎవరిని దృష్టిలో ఉంచుకుని రూపొందాయో ఊహించడం కష్టం కాదు. 1964 నుంచి ఢిల్లీలో జరుగుతున్న స్టేట్స్‌మన్ పాతకార్ల ర్యాలీని చూసినవారికి, వింటేజ్ అనగానే సంస్థానాధీశుల రోల్స్ రాయిస్‌లు, వెండిలా మెరిసే దీపాలు కళ్ల ముందు మెదులుతాయి. గుమాస్తా కొనుక్కున్న కారు ఆ మాటతో గుర్తుకు రాదు.

ఇంతకూ గుమాస్తా కారును ఎవరు, ఎందుకు బాగుచేసుకుంటారు? అమ్మితే డబ్బు రాదు, నడిపితే గౌరవం రాదు. ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే కొంచెం దూరం, బ్రిటన్ దాకా వెళ్లవలసి ఉంటుంది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఆ దేశంలో కొత్త కారుపై భారీ కొనుగోలు పన్ను ఉండేది. తయారైన కారుకు పన్ను ఉన్నది గాని, విడిభాగాలను కొని ఇంటి దగ్గర బిగించుకుంటే పన్ను లేదు. ఈ సందులో నుంచి పుట్టినదే కిట్ కారు. 1957లో కోలిన్ చాప్‌మన్ రూపొందించిన లోటస్ సెవెన్ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. బిగించే విధానాన్ని వివరించే పుస్తకం ఇస్తే పన్ను పడుతుంది గనుక, విప్పే విధానాన్ని వివరించే పుస్తకం ఇచ్చి, దానిని వెనుక నుంచి ముందుకు చదువుకోమనేవారని ఒక కథ చెబుతారు. 1973లో కొనుగోలు పన్ను పోయి విలువ ఆధారిత పన్ను రావడంతో ఆ సందు మూసుకుపోయింది. అదే ఏడు లోటస్ ఆ నమూనా హక్కులను కేటర్‌హామ్ అనే సంస్థకు అప్పగించింది. పన్ను లాభం పోయినా కిట్ కారు పోలేదు. కారణం, తన చేతులతో తన బండిని నిలబెట్టుకున్న మనిషికి కలిగే తృప్తిని ఏ ఆర్థికమంత్రీ రద్దు చేయలేకపోవడమే.

కిట్ కారుకు అడుగున ఏదో ఒక పాత కారు ఛాసిస్ కావాలి. బ్రిటన్‌లో అందుకు ఎక్కువగా ఉపయోగపడిన వాటిలో ట్రయంఫ్ హెరాల్డ్ ఒకటి. దాని జన్మవృత్తాంతం ఆసక్తికరమైనది. బాడీలను అచ్చుపోసి ఇచ్చే పెద్ద కర్మాగారం పోటీ సంస్థ చేతిలోకి పోవడంతో, స్టాండర్డ్ ట్రయంఫ్ కంపెనీ 1959లో హెరాల్డ్‌ను చిన్న చిన్న ముక్కలుగా తయారుచేయించి, వాటిని బోల్టులతో కలిపి, విడి ఛాసిస్‌పై కూర్చోబెట్టవలసి వచ్చింది. రూపకల్పన ఇటలీ కళాకారుడు మికెలోటీది. తప్పనిసరై చేసిన ఏర్పాటు వరమైంది. బోల్టులు విప్పితే బాడీ అంతా ఊడివచ్చేది. కింద మిగిలిన ఛాసిస్‌పై ఫైబర్‌గ్లాసు తొడుగు వేసుకుని ఎందరో ఔత్సాహికులు స్వంత కార్లు కట్టుకున్నారు.

ఈ హెరాల్డే 1961లో మద్రాసుకు వచ్చింది. స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ సంస్థ 1971 వరకు దానిని తయారుచేసింది. ఆ తరువాత గెజెల్ పేరుతో మరికొన్నేళ్లు దాని వారసురాలు వెలువడింది. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ - ఈ ముగ్గురే మన కార్ల లోకానికి త్రిమూర్తులుగా ఉన్న రోజులవి. హెరాల్డ్ వారిలో చిన్నది, చౌకైనది. ఆంధ్ర పట్టణాలలో డాక్టర్లు, వకీళ్లు మురిపెంగా వాడుకున్నది.

నిజానికి కిట్ అన్న మాట మనకు కొత్త కాదు. మన మోటారు పరిశ్రమ పుట్టుకే కిట్ పుట్టుక. 1928లో జనరల్ మోటార్స్ బొంబాయిలో తెరిచిన కర్మాగారం పరదేశం నుంచి పెట్టెల్లో వచ్చిన భాగాలను బిగించేది. తయారీ పథకం లేకుండా బిగింపుతోనే కాలక్షేపం చేసే సంస్థలు తప్పుకోవాలని 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక అనంతరం ప్రభుత్వం నిర్ణయించడంతో, ఆ సంస్థ దుకాణం కట్టేసింది. మహీంద్రా వారు జీపుల వ్యాపారాన్ని ఆరంభించిందీ అమెరికా నుంచి విడిభాగాలుగా వచ్చిన విల్లీస్ బండ్లను బిగించడంతోనే. లక్నోలోని స్కూటర్స్ ఇండియా నుంచి ఇంజన్లు తెచ్చి హైదరాబాదు సమీపంలో బిగించిన ఆల్విన్ పుష్పక్ స్కూటరును మన పాఠకులలో చాలామంది నడిపే ఉంటారు.

ఇక ఢిల్లీ మాటకొస్తే, ఇక్కడి వీధులే ఒక పెద్ద బిగింపు కర్మాగారం. యుద్ధం ముగిశాక సైన్యం అమ్మివేసిన హార్లీ డేవిడ్‌సన్ మోటారు సైకిళ్లకు వెనుక పెట్టె కట్టి, ఆరుగురినో ఎనిమిది మందినో కూర్చోబెట్టుకుని, పాత ఢిల్లీకీ కనాట్ ప్లేసుకూ మధ్య తిరిగిన ‘ఫట్‌ఫటియా’లు అర్ధశతాబ్దం పాటు ఈ నగర ప్రజలను మోశాయి. 1998లో కాలుష్యం కారణంగా వాటికి ఉద్వాసన చెప్పారు. సేద్యపు నీటి పంపు ఇంజనుకు జీపు చక్రాలు తగిలించి ఉత్తరాది పల్లెల్లో నడిపే ‘జుగాడ్’ కూడా మోటారు వాహనమేననీ, చట్టానికి లోబడకుండా తిరగరాదనీ 2013లో సుప్రీంకోర్టు చెప్పింది.

రాజకీయ ప్రాధాన్యం గల బిగింపు ఒకటి గులాబీ బాగ్‌లో జరిగింది. రోల్స్ రాయిస్‌లో శిక్షణ పొంది వచ్చిన సంజయ్ గాంధీ అక్కడి షెడ్డులో మోటారు సైకిలు ఇంజనుతో ప్రజల కారు నమూనాను నిలబెట్టే ప్రయత్నం చేశారు. ఏటా 50,000 కార్లు తయారుచేయడానికి 1970లో ఆయనకు అనుమతి పత్రం లభించింది. కార్లు రాలేదు గాని వివాదాలు వచ్చాయి. అత్యవసర పరిస్థితి ముగిశాక జస్టిస్ ఎ.సి. గుప్తా విచారణ సంఘం ఆ వ్యవహారాన్ని పరిశీలించి 1979లో నివేదిక సమర్పించింది. ఆ శిథిలాలపైనే 1981లో మారుతి ఉద్యోగ్ ప్రభుత్వ సంస్థగా అవతరించి, 1982లో సుజుకితో చేయి కలిపి, 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలను ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఢిల్లీ వాసి అయిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగికి అందించింది. తొలి మారుతులు కూడా జపాను నుంచి కిట్లుగా వచ్చి గుర్గావ్‌లో బిగిసినవే. ‘స్వదేశీ ప్రజల కారు’ అన్న నినాదానికి ఈ వాస్తవం కొంత ఇబ్బంది కలిగించవచ్చు గాని, చరిత్ర నినాదాలను అడిగి నడవదు.

మారుతి రాక ముందరే, 1982లో, బెంగుళూరులో సిపానీ సంస్థ డాల్ఫిన్ అనే బుల్లి కారును విడుదల చేసింది. అది బ్రిటన్‌లోని రిలయంట్ కంపెనీ వారి కిటెన్‌కు భారతీయ రూపం. ఫైబర్‌గ్లాసు బాడీ, 848 సి.సి. అల్యూమినియం ఇంజను, అర టన్నుకు కాస్త అటూ ఇటూ బరువు. పరుగు పందేలలో దాని చురుకుదనాన్ని మెచ్చుకున్నవారు ఉన్నారు. మారుతి రాకతో దాని కథ ముగిసింది. అయితే ఫైబర్‌గ్లాసుకు తుప్పు పట్టదు. అందుచేత దక్షిణాదిలో ఏ పాత షెడ్డులోనో, ఏ చింతచెట్టు కిందనో ఒక డాల్ఫిన్ దొరికితే, ఛాసిస్ మాసిపోయినా బాడీ మిగిలే ఉంటుంది. బీటలు వారిన చోట గాజు నారను పరిచి, రెజిన్ పూసి, ఆరాక రుద్దితే సరిపోతుంది. నీళ్ల తొట్లు చేసే పనివాడు కూడా ఆ పని చేయగలడు.

జనక్‌పురిలో ఉంటున్న ఒక తెలుగు మిత్రుడిని ఈ మధ్య చూడబోయాను. ఆయన రైల్వే అకౌంట్సు శాఖలో చిరకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. 1969 నాటి హెరాల్డ్ ఒకటి మద్రాసు సమీపంలో ఒక బియ్యం మిల్లు వెనుక పడి ఉందని తెలిసి, మంచి మోటారు సైకిలు ఖరీదుకన్నా తక్కువకు కొని, లారీ మీద ఢిల్లీకి తెప్పించుకున్నారు. నాలుగేళ్లు దానితో కుస్తీ పట్టారు. నేను వెళ్లేసరికి బానెట్ ఎత్తి ఉన్నది. హెరాల్డ్ బానెట్ ఇతర కార్ల వంటిది కాదు; రెక్కలతో సహా ముందు భాగమంతా మొసలి నోరులా ముందుకు తెరుచుకుంటుంది. మెకానిక్ ముందు టైరు మీద కుర్చీ మీద కూర్చున్నట్టు కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. మిత్రుడు అలాగే కూర్చుని, చేతిలో పానాతో నన్ను ఆహ్వానించారు.

“రండి, రండి! ఏమీ అనుకోకండి, చేతులు నూనెగా ఉన్నాయి. ఇది గ్రీజు కాదండీ, గేర్ ఆయిల్. అదే అసలు రహస్యం,” అన్నారాయన. ముందు చక్రాలను మోసే లోహపు కీలుకు గ్రీజు కాక గేర్ ఆయిల్ పోయాలట. మన మెకానిక్కులు అలవాటు కొద్దీ గ్రీజు కొడతారు. గ్రీజు లోపలికి పాకక, కీలు ఎండి, తుప్పుపట్టి, ఒకనాడు మలుపులో విరిగి చక్రం పక్కకు వాలిపోతుంది. హెరాల్డ్‌కు వచ్చిన చెడ్డపేరులో సగం ఆ గ్రీజు తెచ్చినదేనని ఆయన వాదన. ఒక చిన్న కీలులో ఏ నూనె పోయాలో తెలియడానికి ఆయనకు ఏడాది పట్టింది. తెలిసిననాడు కలిగిన ఆనందం, పదోన్నతి ఉత్తర్వు అందిననాడు కూడా కలగలేదన్నారు.

ఛాసిస్ పక్కలకు చాచిన చేతుల వంటి ఇనుప కమ్మీలు పూర్తిగా మాసిపోయాయి. వాటిని కొత్తగా చేయించడానికి ఆయన ఢిల్లీలోని మోటారు బజార్లన్నీ కాలినడకన తిరిగారు. కశ్మీరీ గేట్‌లో కొత్త విడిభాగాలు, జామా మసీదు సందుల్లో పాతవి, కరోల్ బాగ్‌లో సీటు గుడ్డలు, మాయాపురిలో తుక్కు. చివరకు మాయాపురిలో ఒక వృద్ధ ముస్లిం ఉస్తాద్ పాత ముక్కను ఒక పూట తన దగ్గర ఉంచుకుని, కొలతలు కాగితంపై పెట్టకుండానే అటువంటి నాలుగు ముక్కలు మలిచి ఇచ్చాడట. కూలి అడిగితే, ఇటువంటి పని చేసి ఇరవై ఏళ్లయిందని చెప్పి తక్కువ పుచ్చుకున్నాడట. ఈ మాట చెబుతున్నప్పుడు మిత్రుని గొంతులో మార్పు వచ్చింది.

విజయవాడ ఆటోనగర్ చూసినవారికి ఈ ఉస్తాద్ పరిచితుడే. లారీ ఛాసిస్ నుంచి బస్సును, బస్సు నుంచి లారీని పుట్టించగల చేతులు అక్కడ ఉన్నాయి. ఆ చేతులు పాఠశాలల్లో తయారుకాలేదు. గురువు పక్కన కూర్చుని, పానాలు అందిస్తూ, తిట్లు తింటూ నేర్చుకున్న విద్య అది. ఇప్పటి కారులో మొరాయించిన భాగాన్ని విప్పరు, మారుస్తారు. కంప్యూటరు చెప్పినదే వేదం. ఉస్తాద్‌కు అక్కడ పని లేదు. పాత చౌక కారు ఒక్కటే ఆయన విద్యకు మిగిలిన పాఠశాల. అది తుక్కులోకి పోతే కారుతోపాటు ఆ విద్య కూడా తూకానికి పోతుంది.

చౌక కారు ఆకర్షణ ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. రోల్స్ రాయిస్‌ను బాగుచేయించడం ధనం పని. హెరాల్డ్‌నూ డాల్ఫిన్‌నూ బాగుచేసుకోవడం ఓపిక పని. చౌక బండిలో దాపరికం ఉండదు. ఏ భాగం ఏ పని చేస్తుందో కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. తప్పు చేసినా పెద్దగా పోయేది లేదు గనుక ధైర్యంగా విప్పవచ్చు. విప్పినది మళ్లీ బిగించి, తాళం తిప్పగానే అది దగ్గి, తుమ్మి, చివరకు ఊపిరి పీల్చుకున్నప్పుడు, యంత్రాల లోకంలో తాను వినియోగదారుడు మాత్రమే కానన్న భావం మనిషికి కలుగుతుంది. పనిచేసే ప్రతి వస్తువూ మూతపడిన పెట్టెగా మారుతున్న కాలంలో ఇది చిన్న విషయం కాదు.

మిత్రుని హెరాల్డ్‌కు 50 దాటాయి. వింటేజ్ నమోదుకు ఆయన కాగితాలు సిద్ధం చేసుకుంటున్నారు. రాష్ట్ర సంఘం పరీక్షించి ఒప్పుకుంటే ‘వి.ఎ.’ పలక వస్తుంది. అదే వీధిలో నాలుగిళ్ల అవతల మరొక కారు ఉన్నది. ఢిల్లీ రవాణా సంస్థ బస్సు నడిపి విశ్రాంతి తీసుకున్న పంజాబీ పెద్దమనిషి 1986లో కొన్న మారుతి 800 అది. కుమార్తె పెళ్లికి, భార్య ఆస్పత్రికి, కుమారుడి మొదటి ఉద్యోగానికి ఆ కారే వెళ్లింది. 2015 తరువాత అది ఇంటి ఆవరణ దాటలేదు. వారానికి ఒకసారి ఆయన ఇంజను తిప్పి, కాసేపు లోపల కూర్చుని, ఆపివేసి దిగుతారు. హెరాల్డ్ కన్నా మెరుగైన స్థితిలో ఉన్న కారు అది. హెరాల్డ్ కన్నా తక్కువ పొగ వదులుతుందనడంలోనూ నాకు సందేహం లేదు. కాని అది పుట్టవలసిన దానికన్నా ఆలస్యంగా పుట్టింది. ఆ కారుకు 50 నిండే 2036 నాటికి తనకు 90 దాటుతాయని, అప్పటికి పలక తెచ్చి తన ఫొటో పక్కన పెట్టమని కొడుక్కు చెప్పానని ఆయన నవ్వుతూ అన్నారు.

ఇందుకు ప్రతివాదం లేకపోలేదు. దానిని తేలికగా తీసివేయడం న్యాయం కాదు. కార్తికమాసంలో ఢిల్లీ గాలి పీల్చినవారెవరూ కోర్టులను తప్పుపట్టలేరు. పసిపిల్లల ఊపిరితిత్తుల కన్నా పాత కారు ముఖ్యమని నేను అనబోవడం లేదు. మహానగరాలలో కొత్త కార్లకు కెటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయినది 1995లో. ఢిల్లీలో సీసం కలిసిన పెట్రోలు అమ్మకం ఆగినది 1998లో. అంతకు ముందటి ఇంజన్లు పొగను శుద్ధి చేయవు. సీటు బెల్టులు, గాలి సంచులు వంటి రక్షణలూ వాటిలో లేవు. వాటిని ప్రతిదినం వేలాదిగా రోడ్డెక్కించమని ఎవరూ కోరరు. సామాన్యుడికి నిజంగా కావలసినది పాత కారు కాదు, సకాలంలో వచ్చే బస్సు అని చెప్పేవారితోనూ నాకు పేచీ లేదు.

అయితే నిత్యం ఆఫీసుకు పోయే కారూ, నెలకొకసారి ఆదివారం ఉదయం ఇండియా గేటు దాకా పోయివచ్చే కారూ ఒకటే ఎలా అవుతాయి? పొగను కొలిచే యంత్రాలు ఉండగా, పుట్టినతేదీని బట్టి శిక్ష విధించడం దేనికి? 2021 ఆగస్టులో ప్రకటించిన జాతీయ తుక్కు విధానం కూడా వయస్సుకన్నా యోగ్యతా పరీక్షకే ప్రాధాన్యమిచ్చింది. దేశంలోని ఇతర ప్రాంతాలలో 15 ఏళ్లు దాటిన కారును పరీక్ష చేయించి, రుసుము చెల్లించి, ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవచ్చు. రుసుములు భారీగా పెరిగిన మాట నిజమే. 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కు, 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000కు పెంచారు. కాని దారి ఉన్నది. రాజధాని పరిసరాలలో ఆ దారి లేదు. ఇక్కడి యజమానికి మిగిలినది అభ్యంతరం లేదన్న పత్రం తీసుకుని బండిని పరాయి రాష్ట్రానికి పంపడమో, తుక్కుకు ఇవ్వడమో. మన పొగ మరొకరి ఊరికి పంపితే శుద్ధి అవుతుందా అన్నది వేరే ప్రశ్న.

ఇతర దేశాలు ఈ చిక్కును ఎలా విప్పుకున్నాయో చూడటం ఉపయోగకరం. జర్మనీ 30 ఏళ్లు నిండిన, మౌలిక స్థితిలో ఉన్న వాహనానికి ‘హెచ్’ అన్న అక్షరంతో చారిత్రక పలక ఇస్తున్నది. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన చారిత్రక వాహనానికి రోడ్డు పన్ను లేదు. లండను నగరంలోని కాలుష్య రుసుము నుంచి కూడా మినహాయింపు ఉన్నది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 30 ఏళ్లను గీతగా తీసుకుంటుంది. మన దేశంలో గీత 50 దగ్గర పడింది. ఈ తేడా 20 ఏళ్లదే అనిపించవచ్చు. కాని ఆ 20 ఏళ్లలోనే భారత సామాన్యుని కారు చరిత్ర అంతా ఇమిడి ఉన్నది. 30 ఏళ్ల గీత గీస్తే 1983 నాటి తొలి మారుతి, 1982 నాటి డాల్ఫిన్ ఇప్పుడే చారిత్రకాలవుతాయి. 50 ఏళ్ల గీతతో తొలి మారుతికి ఆ హోదా 2033 డిసెంబరులో గాని రాదు. అంతవరకు మిగిలేవి ఎన్ని? ఢిల్లీలో అమ్ముడైన ఆ మొదటి కారు కూడా యజమాని మరణానంతరం శిథిలావస్థకు చేరగా, తయారీ సంస్థే దానిని బాగుచేయించి తన కార్యాలయంలో కొలువుంచింది. ప్రతి కారుకూ ఆ అదృష్టం పట్టదు.

పొరుగున ఉన్న శ్రీలంకను చూడండి. మోరిస్ మైనర్ అనే పాత బ్రిటిష్ కారును ఆ ద్వీపవాసులు ఎంత శ్రద్ధగా కాపాడుకున్నారంటే, ఒక దశలో అక్కడ తయారైన విడిభాగాలు మాతృదేశమైన బ్రిటన్‌కే ఎగుమతి అయ్యాయి. 2020లో విదేశీ మారక ద్రవ్య సంక్షోభం వల్ల వాహనాల దిగుమతి ఆపివేసి, 2025 ఫిబ్రవరిలో గాని ప్రైవేటు కార్లకు మళ్లీ తలుపులు తెరవలేదు. ఆ ఐదేళ్లూ ఆ దేశాన్ని నడిపినది పాత బండ్లు, వాటిని బతికించిన మెకానిక్కులు. పాకిస్థాన్‌లో మన మారుతికి తోబుట్టువైన సుజుకి మెహ్రాన్ 1989 నుంచి 2019 దాకా దాదాపు ఒకే రూపంలో తయారై, సామాన్యుని వాహనంగా నిలిచింది. సరిహద్దులు ఎన్ని ఉన్నా, పానా పట్టుకున్న చేతులకు ఉపఖండమంతా ఒకటే భాష.

చేయవలసినది కొండంత పని కాదు. 30 ఏళ్లకూ 50 ఏళ్లకూ నడుమనున్న వాహనాలకు మరొక తరగతి ఏర్పరచవచ్చు. ఏటా పొగ పరీక్ష, భద్రతా పరీక్ష పెట్టవచ్చు. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లనే పరిమితి విధించవచ్చు. గాలి విషమించిన నెలల్లో పూర్తిగా నిషేధించవచ్చు. రుసుము 20,000 కాక, గుమాస్తా భరించగలిగినంత పెట్టవచ్చు. దీనివల్ల ఢిల్లీ గాలికి కలిగే హాని అత్యల్పం. కలిగే మేలు, ఒక తరం చేతిపనివారి విద్యకు మరికొన్నేళ్ల ఆయుర్దాయం. పార్లమెంటులో దీనిపై ఘర్షణ జరుగుతుందని నేను ఆశించడం లేదు; ఓట్లు రాల్చే విషయం కాదిది. కాని ఒక నిబంధనను సవరించడానికి పార్లమెంటు దాకా పోనక్కరలేదు. రవాణా శాఖ తలచుకుంటే ఒక నోటిఫికేషను చాలు.

‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అని మనవారు ఊరకే అనలేదు. ఆ రోత భరించి, పాతను పట్టుకుని ఉండేవారు అన్ని కాలాలలోనూ కొద్దిమందే. మహారాజుల సొత్తును భద్రపరచడానికి ప్రదర్శనశాలలు ఉన్నాయి, నిబంధనలు ఉన్నాయి, ర్యాలీలు ఉన్నాయి. స్వతంత్ర భారతంలో మొదటిసారిగా జీతం రాళ్లు కూడబెట్టి కారు కొనుక్కున్న మధ్యతరగతి మనిషి కూడా ఈ దేశ చరిత్రలో ఒక పాత్రే. అతని చరిత్రను 15 ఏళ్లకే తుక్కు కింద జమకట్టి, రాజుల చరిత్రకు మాత్రం 50 ఏళ్లకు పట్టాభిషేకం చేయడం ప్రజాస్వామ్యానికి శోభించే లెక్క కాదు.